పులిచింతలో పులి

ఆ రోజుల్లో మనిషిని ఇష్టపడాలన్నా ఒకటిన్నర మీటర్ల ఎడం పాటించాలి. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, మా వోన్‌హైమ్ వంటింట్లో నేలమీద పసుపురంగు టేపు అతికించి, ఎవరు ఎక్కడ నిలబడి ఉల్లిపాయలు తరుక్కోవాలో బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్ నిర్ణయించాడు. వోన్‌హైమ్ అంటే విద్యార్థుల హాస్టలే. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో, అడవి అంచున ఉండేది. కరోనా వచ్చిన మొదటి వసంతం అది. మా అంతస్తులో పన్నెండు గదులుంటే పదిమంది సంచులు సర్దుకుని ఇళ్ళకు చేరిపోయారు. పదకొండో గదిలో నేను మిగిలాను, విమానాలు లేక. ఏడో గదిలో ఒక ఐర్లండ్ అమ్మాయి మిగిలింది. ఆ అమ్మాయిని పెంచిన అమ్మమ్మ అక్కడ వృద్ధాశ్రమంలో ఉంది. వెళ్ళినా లోపలికి రానివ్వరు, అద్దంలోంచి చూసి ఏడవడానికి అంతదూరం ఎందుకని ఉండిపోయింది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మూడు వారాలుగా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడిన పాపాన పోలేదు. కుక్కరుతో మాట్లాడేవాణ్ణి. (‘ఇంకొక్క కూత కుయ్యవే తల్లీ’ అని బతిమాలుతుండగా ఏడో గది అమ్మాయి ఒకసారి చూసింది. తన గీత వెనక్కి వెళ్ళిపోయింది.)

బహుశా ఆ కుక్కరు సంభాషణ చూసే జాలి కలిగిందేమో, మర్నాడు పొద్దున తలుపు తట్టి, “అడవిలోకి నడకకి వెళ్తున్నాను. ఇద్దరు కలిసి వెళ్ళొచ్చని రూలు. వస్తావా?” అంది. అరగంటలో నాకు ఆన్‌లైన్ క్లాసు ఉంది. ఆ సంగతి చెప్పకుండా చెప్పులేసుకున్నాను. (ఏప్రిల్ నెలలో ఆ అడవిలో చెప్పులతో నడవకూడదని పది నిమిషాల్లో తెలిసింది. అదీ చెప్పలేదు.) దారిలో తన చదువు గురించి చెప్పింది. ఐరిష్, స్కాట్లండ్ గేలిక్, వెల్ష్, బ్రెటన్ లాంటి కెల్టిక్ భాషల్లో మొక్కలకు పేర్లెలా పుట్టాయన్నది ఆ అమ్మాయి థీసిస్. అలాంటి చదువొకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. గడ్డిలో తెల్లటి చిన్నపువ్వు కనిపిస్తే ఆగి, “మా అమ్మమ్మ దీన్ని నోనీన్ అంటుంది. చిన్న మధ్యాహ్నం అని అర్థం. వెల్ష్ వాళ్ళు పగటి కన్ను అంటారు” అంది. తెల్లబెరడు చెట్టును తట్టి, శాస్త్రవేత్తలు దానికి రాసే లాటిన్ పేరు అసలు లాటినే కాదనీ, పాతకాలపు కెల్టిక్ తెగ అయిన గాల్ జనం మాటను రోమన్లు ఎత్తుకుపోయి తమదిగా చేసుకున్నారనీ చెప్పింది. ఎవరో నిన్ననే తన సైకిలు ఎత్తుకుపోయినంత కోపం ఆ గొంతులో.

ఒక చెట్టు మొదట్లో వంగి మూడేసి హృదయాకారపు రేకులున్న లేత ఆకులు కోసి, కొన్ని తను నోట్లో వేసుకుని, కొన్ని పక్కనున్న మొద్దుమీద పెట్టి దూరంగా జరిగింది. నేను వెళ్ళి తీసుకుని నమిలాను. పుల్లగా నాలుక అంచులదాకా పాకింది. ఒక్కసారిగా సామర్లకోటలో మా మేనత్త పెరడు, నూతి పళ్ళెం పక్కన తడి, అక్కడ మొలిచే ఆకు కళ్ళముందుకొచ్చాయి. వేసవి సెలవుల్లో అది కోసుకు తినేవాళ్ళం. “దీన్ని మేం షంసోగ్ అంటాం. షంరోగ్ అంటే చిన్న మూడాకు. ఇది దాని పోలికే గాని పులుపు. మీకుందా ఇలాంటిది?” అని అడిగింది. “ఉంది. పులిచింత” అన్నాను. “అంటే?” అంది, పుస్తకం తీసి. ‘తెలీదు’ అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ పుస్తకం, ఆ పెన్ను, మూడు వారాల తర్వాత నా మాట కోసం ఎదురుచూస్తున్న ఒక మనిషి! తెలుగులో పులి అంటే ఏమిటో, చింత అంటే ఏమిటో నాకు తెలుసు. కలిపేశాను. “పులి అంటే టైగర్. చింత అంటే దిగులు. పూర్వం ఒక పులి ఆకలేసి ఈ ఆకు తిన్నదట. పళ్ళు పులిసిపోయి, ఎదురుగా జింక నిలబడ్డా కొరకలేక, కూర్చుని దిగులు పడిందట.” ఆ అమ్మాయి నవ్వింది. చెట్టుకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అన్నాళ్ళ నిశ్శబ్దం తర్వాత విన్న నవ్వు అది. నేను బాగుపడే అవకాశం అక్కడితో పోయింది.

ఆ తర్వాత రోజూ నడక, రోజూ ఒక అబద్ధం. గోంగూర అంటే గోముగా తినిపించే కూర. అత్తిపత్తి ఆకు ఎందుకు ముడుచుకుంటుందంటే, అత్తగారి అడుగుల చప్పుడు విని. (ఇది చెప్పినప్పుడు తను ఒక చేతిని ఆకులా ముడిచి చూపించింది. ఆ చేయి నాకిప్పటికీ గుర్తుంది.) ఆదివారం ఆదివారం తను అమ్మమ్మకు ఫోన్ చేసి పాత పేర్లు రాసుకునేది. ఆ ముసలావిడ మాట ఎలాంటిదంటే, తెలియని మొక్క గురించి అడిగితే ‘అది నా దగ్గర లేదు’ అనేదట, అంతే. ఊహించి చెప్పడం ఆవిడకు చేతకాదు. మా పులి సంగతి చెబితే ఆవిడ కూడా నవ్విందనీ, ఇప్పుడు ప్రతివారం ‘పులి అబ్బాయి ఏం చెప్పాడు?’ అని ముందు అదే అడుగుతోందనీ చెప్పింది. ఇక ఆపేద్దామనుకున్నాను. మరునాడు ఇంకోటి చెప్పాను.

ఇలా ఉండగా, తను రాసుకున్నవి చూసిన వాళ్ళ ప్రొఫెసర్ గారికి నా తెలుగు తెగ నచ్చేసింది. కెల్టిక్ కుటుంబానికి ఏ చుట్టరికమూ లేని భాషలోనూ జనం ఇలాగే పేర్లు పెడతారని చూపిస్తూ థీసిస్‌లో ఒక చిన్న అధ్యాయం రాయమని తనకు చెప్పారు. ఒక్కటే షరతు: ఇంకొక తెలుగు మనిషి కూడా ఆ అర్థాలు సరేననాలి. “మీ మేనత్త తెలుగు టీచరు అన్నావుగా! వీడియో కాల్ పెడదాం” అంది ఏడో గది అమ్మాయి. నిజమే, అత్త ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. ఇంగ్లీషు ఆవిడకు అంతంతమాత్రం. అనువాదం చేసేది నేనే కదా, గట్టెక్కుతాననుకున్నాను.

వంటింటి బల్లమీద ల్యాప్‌టాప్, చెరో చివర మేమిద్దరం. అత్త జరీచీర కట్టుకుని, బొట్టు పెద్దది పెట్టుకుని తయారుగా కూర్చుంది. “ఎంత చిక్కిపోయావురా! ఆ అమ్మాయేనా? అన్నం అదీ తింటోందా? మాస్కు తీస్తే మొహం చూస్తాను కదా” అంది. “మిమ్మల్ని కలవడం సంతోషం అంటోంది” అని ఇంగ్లీషులో చెప్పాను. అమ్మాయి పులిచింత గురించి అడగమంది. నేను తెలుగులో, “అత్తా, పులిచింత తెలుసు కదా, అవును అని తలూపు” అన్నాను. అత్త తలూపింది. అంతటితో ఆగితే బాగుండును. అమ్మాయి ఆనందం పట్టలేక, ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి, నిదానంగా, “టైగర్! శాడ్ టైగర్!” అంది రెండు చేతులూ చెంపలకు ఆనించి.

“టైగరా?” అంది అత్త. “ఒరేయ్, మధ్యలో టైగర్ ఎక్కణ్ణుంచొచ్చిందిరా?”

“ఏం లేదత్తా, నువ్వు ఊఁ అను.”

“ఊఁ అనడానికి నేనేమన్నా కథ వింటున్నానా? ఏం చెప్పావురా ఆ పిల్లకి?” అని, కళ్ళజోడు సవరించుకుని, నన్ను దాటి సూటిగా ఆ అమ్మాయి వంక చూసి, ముప్పై ఏళ్ళ క్లాసురూము గొంతుతో, “నో టైగర్, అమ్మా! పులి మీన్స్ పులుపు. సోర్! చింత మీన్స్ టామరిండ్. సోర్ టామరిండ్ లీఫ్. దట్సాల్. మావాడు చెప్పింది ఆల్ రాంగ్!” అంది. తర్వాత నాకు విడిగా, “సెవెన్త్ క్లాసులో నీకు వ్యాకరణం చెప్పింది నేనేరా. పరువు తీశావు” అంది.

ఏడో గది అమ్మాయి పుస్తకం మూసింది. అత్తకు చేతులు జోడించి నమస్కారం పెట్టింది. నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా, “ఎన్ని?” అంది. “దాదాపు అన్నీ” అన్నాను. “మా అమ్మమ్మకి చెప్పాను” అంది. అంతే. లేచి వెళ్ళిపోయింది. థీసిస్ పాడైందనో, ప్రొఫెసర్ ముందు తలవంపులనో తిట్టి ఉంటే భరించేవాణ్ణి.

తర్వాత తొమ్మిది రోజులు నేను వంటింట్లోకి వెళ్ళేసరికి స్టవ్ వేడిగా ఉండేది, మనిషి ఉండేది కాదు. నేను అత్తకు రోజూ ఫోన్ చేశాను. క్లాసులు మానేసి మరీ మొక్కల పేర్లు రాసుకున్నాను. అత్త చెప్పేది నిక్కచ్చిగా ఉండేది. “పొన్నగంటి అంటే పోయిన కంటిచూపు తెచ్చే కూర అని జనం అంటారు. అంటారు, అంతే. నిజమో కాదో నాకు తెలీదని కూడా రాయి. రాశావా? చదువు.” రెడ్డివారి నానబాలు అనే, తుంచితే పాలుకారే మొక్క దగ్గరికొచ్చేసరికి, “ఏ రెడ్డిగారత్తా?” అన్నాను. “నాకేం తెలుసురా? తెలీదని రాయి.” అలా పన్నెండు పేజీలు. సగం చోట్ల ‘తెలీదు’. ఏడో గది తలుపు కిందినుంచి తోశాను. మర్నాడు పొద్దున తలుపు తెరిచి, ఒక పేజీ పైకెత్తి పట్టుకుని, “రెడ్డి అనే ఆయన పాలు... ఇది కూడా నువ్వు కల్పించిందేనా?” అంది. “ఒట్టు, ఇది నిజం!” అన్నాను. నిజం చెప్పి అంత వణికింది జీవితంలో అదొక్కసారే. కాసేపు నా మొహం పరీక్షించి, “ఆదివారం అమ్మమ్మకి నువ్వే చెప్పాలి” అంది.

ఆదివారం ఫోన్ స్పీకర్లో పెట్టింది. నేను రాసుకున్న క్షమాపణ చదివాను. పులి లేదండీ, అది వట్టి పులుపు అన్నాను. అవతల దగ్గు వినిపించింది, తర్వాత సన్నటి నవ్వు. “పులి లేదని మొదటి రోజే తెలుసు బాబూ. పెళ్ళికి ముందు మా ఆయన మా ఊరి కొండమీది ప్రతి పువ్వు గురించీ నాకు అబద్ధాలే చెప్పాడు. నేనూ రాసుకున్నాను” అంది ఆవిడ. ఏడో గది అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నావి నల్లటి చెవులు గనక తెలియలేదు. ఇద్దరం గబగబా గిన్నెలు కడిగాం, కడిగినవే మళ్ళీ.

జూన్ చివర్లో ఆవిడ పోయింది. అంత్యక్రియలు ల్యాప్‌టాప్‌లో చూశాం. చర్చిలో ఎడమెడంగా పదిమంది, ఇక్కడ బల్లకు చెరో చివర ఇద్దరం. ఏం చేయాలో తోచక నేను చారు పెట్టాను. బల్ల మధ్యదాకా తోసి వెనక్కి వచ్చాను. ఏడుస్తూనే తాగింది. “పుల్లగా ఉంది” అంది. “చింతపండు” అన్నాను.

థీసిస్ పూర్తయింది. అందులో మా అత్త పేరు మూడు చోట్ల ఉంది, నాది లేదు. (అత్త దాన్ని ప్రింటు తీయించి బీరువాలో దాచింది.) విమానాలు మొదలయ్యాక ఆగస్టులో తను వెళ్ళిపోయింది. పెట్టె మోస్తానని స్టేషనుకు వెళ్ళాను. దారి పొడుగునా లోపల ఒక వాక్యం తయారుచేసుకుంటున్నాను. ఇంగ్లీషులో అనుకున్నాను, సరిపోలేదు. తెలుగులో అనుకున్నాను, బాగుంది గానీ తనకు అర్థం కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ రైలు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి తను నావైపే చూస్తోంది. మాస్కు పైన కళ్ళు రెండే కనిపిస్తున్నాయి. రైలు ఒక నిమిషం ఆగుతుంది. ఆ నిమిషమంతా వాడుకుని, చివరికి నేనడిగింది, “టికెట్ ఉందా?”

ముప్పైకి దగ్గరపడ్డాను, ఉద్యోగమూ ఇక్కడే. ఇప్పటికీ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. ఊళ్ళో ఉన్న మొక్కలన్నిటికీ అబద్ధాలు అల్లగలిగినవాడు, తీరా నిజం చెప్పాల్సిన చోట టికెట్ అడిగాడు.

“ఉంది” అంది ఆ అమ్మాయి. ఉండకుండా ఎలా ఉంటుంది!