మొదటి బల్బు దగ్గర పదిహేను

తొమ్మిదేళ్లుగా ఒక అంకె నా గొంతులో అడ్డంపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

కరీంనగర్‌లో కరెంటు పని నాది. తోటల్లో, గేట్ల దగ్గర పెట్టే తక్కువ వోల్టేజీ లైట్లు ఎక్కువగా చేస్తాను. బల్బులన్నీ యూసుఫ్ భాయ్ కొట్లోనే తీసుకునేవాణ్ణి. నాకు పనుల్లేని రోజుల్లో పిలిచి పని చూపించినవాడు ఆయన. ఈ మాట ముందే రాసేస్తున్నాను. తర్వాత రాద్దామనుకుంటే దాటేస్తానేమోనని భయం.

ఒక గ్రానైటు సేటు కొత్త ఇల్లు. వరండా నుంచి గేటు దాకా పొడవాటి దారి, దాని పక్కనే పన్నెండు వోల్టుల హాలోజన్ బల్బులు. ట్రాన్స్‌ఫార్మర్ వరండాలో పెట్టి అన్నిటికీ ఒకే వైరు లాగాను. అంత దూరానికి రెండు వైర్లు వేయాలని నాకు తెలియదా? తెలుసు. పని తొందరగా తెమిలిపోతుందనుకున్నాను. వైరు మీద మట్టి కప్పగానే మేస్త్రీలు సేటు క్వారీ నుంచి వచ్చిన పాలిష్ పలకలు పరిచేశారు. మర్నాడే గృహప్రవేశం. సాయంత్రం స్విచ్ వేస్తే వరండా వైపు బల్బులు బాగానే వెలిగాయి. గేటు దగ్గరివి మాత్రం నీరసంగా, ఎర్రగా ఉన్నాయి. దూరం పోయేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది మరి.

సేటు ముందు చూసేది ఆ గేటు బల్బులనే. చుట్టాల కంట మొదట పడేవి అవే కదా. రెండో వైరు కోసం ఆయన రాయిని ఆయన ముందే లేపమని ఎలా చెప్పను? ట్రాన్స్‌ఫార్మర్ మీద పన్నెండు నుంచి పదిహేను వోల్టుల దాకా వైరు బిగించే చోట్లు వేరువేరుగా ఉంటాయి. వైరు విప్పి పదిహేనుకు బిగించాను. గేటు బల్బులు తెల్లగా వెలిగాయి. వరండా పక్కన మొదటి బల్బు దగ్గర మీటరు పెట్టాను. పదిహేను. ఆ బల్బు ఎక్కువ రోజులు ఉండదని అప్పుడే తెలుసు. ఫంక్షన్ అయ్యాక సరిచేద్దాంలే అనుకుని మూత బిగించాను. మళ్లీ ఆ మూత తియ్యలేదు.

నెల తిరక్కుండానే వరండా వైపు బల్బులు ఒక్కొక్కటే మాడిపోయాయి. యూసుఫ్ భాయ్ మారుమాట లేకుండా కొత్తవి ఇచ్చాడు. అవీ మాడాయి. సేటు భాయ్ కొట్టు దగ్గరికి వచ్చి, నలుగురి ముందు, నకిలీ మాల్ అమ్ముతున్నావని అరిచి వెళ్లాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. భాయ్ నావైపు తిరిగాడు.

“తమ్మీ, మీటర్ పెట్టి చూసినవా? మొదటి బల్బు కాడ ఎంతున్నది?”

“పన్నెండే ఉన్నది భాయ్. జర గూడ ఎక్కువ లేదు.”

“గట్లయితే మాలే ఖరాబు. కంపెనీతోని నేను కొట్లాడుత. నువ్వు ఫికర్ చెయ్యకు.”

నిజంగానే కొట్లాడాడు. ఎక్కువ వోల్టేజీకి మాడాయని కంపెనీవాళ్లు చెప్తే నమ్మలేదు. మీటరు పెట్టి చూసినవాణ్ణి నేనున్నాను కదా. నా మాట పట్టుకుని పట్టు వదల్లేదు. చివరికి వాళ్లు ఆయనకు సరుకు ఆపేశారు.

అంతటితో ఆగి ఉంటే పొరపాటు అని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. సేటు వేరే కొట్టు నుంచి బల్బులు తెచ్చి బిగించమన్నాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ప్రహరీ వెంట గేటు బల్బులకు వేరే వైరు లాగి, వరండా బల్బులను పన్నెండుకు దింపాను. మొదటిరోజే చేయాల్సిన పని అది. కొత్త బల్బులు ఒక్కటీ మాడలేదు. “చూసినవా, అసలు మాల్ అయితే ఎట్లుంటదో,” అన్నాడు సేటు. నేను తలూపాను. భయంతో ఊపానా, ఇక బయటపడదులే అన్న నిశ్చింతతో ఊపానా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా, రెండోదే నిజమనిపిస్తుంది. అదే నాకు ఎక్కువ అసహ్యం.

యూసుఫ్ భాయ్ బల్బులు నకిలీవన్న మాట ఊరంతా పాకింది. ఏడాది తిరిగేసరికి కొట్టు మూతపడింది. ఆ రోజు ఆయన తన మీటరు నా చేతిలో పెట్టి, “నాకన్న నీకే పనికొస్తది తమ్మీ. నువ్వు చూడనిది చెప్పవు,” అన్నాడు.

ఇప్పుడు శ్రీరాంపూర్‌లో వేరేవాళ్ల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాడు. తెలిసినవాళ్లు ఇల్లు కట్టుకుంటే ఇప్పటికీ నా నంబరే ఇస్తాడు. ఫోన్‌లో ఆయన పేరు కనిపిస్తే చాలు, తెలిసిపోయిందేమోనని వెంటనే ఎత్తను. రెండుసార్లు బస్సెక్కి వెళ్లాను. కొట్టు ఎదురుగా చాయ్ తాగి తిరిగొచ్చాను.

మన్నించమని ఏ మొహంతో అడగను? మీరూ మన్నించకండి. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

పన్నెండు లేదు భాయ్. పదిహేను ఉంది. నీ ముందు కూర్చుని పన్నెండని చెప్పింది, ఆ అంకెను కళ్లారా చూసినవాడే.