చౌడయ్య తువాలు

బెజవాడ బస్సు డ్రైవర్లలో చౌడయ్య లాంటి పిసినిగొట్టు ఇంకొకడు పుట్టలేదు. నేర్చిన విద్య తనతోనే కాటికి పోవాలనే రకం. పై గేరులోంచి కింద గేరుకి దిగాల్సి వచ్చినప్పుడల్లా ఆ మహానుభావుడు భుజం మీది తువాలు తీసి మోకాళ్ళ మీద పరుచుకునేవాడు. పక్కనున్న క్లీనరుకి తన కాళ్ళు ఏం చేస్తున్నాయో కనపడకూడదు, అదీ సంగతి.

ఆ క్లీనరే అంతోని. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు గ్యాసుతో నడిచేవి. కంకిపాడు దారిలో కాలువ వంతెన వచ్చిందంటే చాలు, బస్సుకి ఆయాసం పట్టుకునేది; బ్రేకులు చూస్తే అంతంతమాత్రం. అంతోని చెక్క మొద్దు పట్టుకుని దిగి, వెనక చక్రం వెంబడే నడిచేవాడు. బస్సు వెనక్కి జారితే మొద్దు చక్రం కింద తొయ్యాలి. తొయ్యలేకపోతే చక్రం కింద తనే ఉంటాడు. పొద్దున్నే బొగ్గు రాజెయ్యడం, చౌడయ్య బట్టలు ఉతకడం, ఆయన కాళ్ళు పిసకడం కూడా వాడి పనే. ఇంత ఊడిగమూ తువాలు కింద ఉన్న ఆ కిటుకు కోసమే.

చివరికి యజమాని రామకోటేశ్వరరావు, అంతోనికి డ్రైవరు పరీక్ష పెడతానన్నాడు. ముందురోజు సాయంత్రం అంతోని వెళ్ళి గురువు కాళ్ళ మీద పడ్డాడు.

"ఏముందిరా అందులో? క్లచ్చి నొక్కు, రాడ్డు గట్టిగా గుంజు. అదే పడుద్ది" అన్నాడు చౌడయ్య.

పడలేదు. వంతెన సగంలో గేర్లు పటపట పళ్ళు కొరికాయి. బస్సు వెనక్కి జారి తాటిచెట్టుకి గుద్దుకుని ఆగింది. జనం కిటికీల్లోంచి దూకారు. యజమాని అందరి ముందూ చెప్పు తీసి కొట్టాడు. చౌడయ్య పక్కనే నిలబడి, "ఎంత చెప్పినా ఈ ఎదవ బుర్రకెక్కదండీ" అన్నాడు. ఎంత మాట! గొంతు కోసి, పైగా బుర్ర లేదని సర్టిఫికెట్టు కూడానా!

ఆనాటి నుంచి వాడి పేరు 'ఎనక్కి అంతోని'. చర్చిలో తెరేసమ్మ వేలికి ఉంగరం తొడుగుతుంటే కూడా వెనక బల్లల్లోంచి ఎవడో ఆ పేరు పిలిచి కిసుక్కున నవ్వాడు.

అంతోని మిలిటరీలో చేరి లారీ తోలడం నేర్చాడు. అక్కడ తువాళ్ళు లేవు. క్లచ్చి నొక్కి గేరు న్యూట్రల్‌కి లాగు, క్లచ్చి వదులు, యాక్సిలేటరు తొక్కి ఇంజన్ని అరిపించు, మళ్ళీ క్లచ్చి నొక్కి అప్పుడు కింద గేరు వెయ్యి. ఓస్, ఇంతేనా! ఈ నాలుగు ముక్కలు దాచుకోడానికా తన బతుకు బజారుకీడ్చింది? వాడికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ మంట యుద్ధం ముగిసినా ఆరలేదు.

తిరిగొచ్చేసరికి చౌడయ్య ఎడమ కాలికి బోదకాలు వచ్చింది. క్లచ్చి తొక్కలేడు, వంగనూ లేడు. యజమాని జాలిపడి చెక్క మొద్దు ఆయన చేతికిచ్చి క్లీనరుగా ఉంచాడు. మిలిటరీ కాగితం చూసి అంతోనిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

"ప్రభువు క్షమించమన్నాడయ్యా" అంది తెరేసమ్మ, భర్త మొహం చూసి భయపడి.

"ప్రభువుకి గేరు నేర్పింది చౌడయ్య కాదుగా" అన్నాడు అంతోని.

మర్నాడు అదే వంతెన. చౌడయ్య మొద్దు పట్టుకుని దిగి, పిట్టగోడకీ చక్రానికీ మధ్య కాలీడ్చుకుంటూ నడుస్తున్నాడు. అంతోని కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. గేరు ఒక్కసారి పడకపోతే చాలు. ఎవడూ తప్పు పట్టడు, వీడు ఎనక్కి అంతోనే కదా అంటారు. ఆ దిక్కుమాలిన పేరే తనని కాపాడుతుంది. అనుకుంటుంటే వాడికి ఎంత హాయిగా ఉందో!

గేరు న్యూట్రల్‌కి లాగి అలాగే వదిలేశాడు. బస్సు నీరసించింది. ఇంజన్ చప్పుడులో తేడా చౌడయ్య చెవికి తెలియకుండా ఉంటుందా?

"ఒరే అంతోనీ! గేరెయ్యరా!"

బస్సు ఆగి, జానెడు వెనక్కి జారింది. చౌడయ్య వంగబోయాడు, కాలు వంగలేదు. మొద్దు చేతిలోంచి జారిపోయింది.

"క్లచ్చి వదిలి ఇంజన్ని అరిపించరా! మళ్ళీ నొక్కి అప్పుడెయ్యాలి నాయనా! రెండుసార్లు తొక్కాలిరా, రెండుసార్లు!"

అంతోని బలంకొద్దీ బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. బస్సులో అందరూ చెవులు రిక్కించారు.

"సరిగ్గా వినపడలేదు గురువుగారూ. ఇంకోసారి చెప్పండి" అన్నాడు ఎంతో వినయంగా.

చౌడయ్య మొదటినుంచీ చివరిదాకా, ఏడుస్తూ, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. అప్పుడు అంతోని మొదటి గేరు వేసి బస్సుని వంతెన దాటించాడు.

చౌడయ్య కుంటుకుంటూ వచ్చి ఎక్కాడు. తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"చూశారా గురువుగారూ, సరిగ్గా చెబితే ఎంత చక్కగా పడిందో" అన్నాడు అంతోని.

సాయంత్రానికి బస్టాండులో క్లీనర్లందరూ ఆ నాలుగు ముక్కలూ ఒకడికొకడు అప్పజెప్పుకుంటున్నారు.