కొలత వేరు, రైలు వేరు

ఇవాళ పొద్దున నేనొక తప్పు చేశాను. మార్కాపురం బస్టాండు ఎదుట టీ దుకాణంలో కూర్చుని ఉండగా కొలతలవాళ్ళ జీపు వచ్చి ఆగింది. అందులో కొలత మేకులకు పూసే ఎర్ర రంగు డబ్బాకు మూత సరిగా పడలేదేమో, ఆ వాసన గుప్పున కొట్టింది. వయసులో నేనూ రైలు సర్వేలో పనిచేసినవాణ్ణి. ఆ వాసనకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. హైదరాబాదు నుంచి చెన్నైకి సర్కారు బుల్లెట్ రైలు వేస్తుందట, మన పక్క నుంచేనట అని దుకాణంలో అప్పటికే మాటలు నడుస్తున్నాయి. హనుమంతునిపాడు దగ్గరి పల్లె నుంచి కూరగాయలు తెచ్చి మా వీధిలో అమ్మే రమణమ్మ కూడా అక్కడే ఉంది. వాళ్ళ చేలోనూ కొలిచిపోయారట. చాన్నాళ్ళకు బోరులో నీళ్ళు పడ్డాయని, బెంగళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పని చేసే కొడుకును బత్తాయి తోట వేద్దామని పిలిపించుకుంది. మొక్కల ఆటో ఇవాళే వస్తోంది. నాటమంటావా అన్నా అని అడిగింది.

“నీ చేను మీదుగానే పోతాది. నాటినాక ఏడవొద్దు” అన్నాను. నాకేమీ తెలియదు. అయినా అన్నాను.

ఆమె అక్కడికక్కడే కొడుక్కు ఫోన్ చేసి మొక్కలు వెనక్కి పంపమంది. “అయితే నేను సాయంత్రం బస్సుకు పోతా అమ్మా” అని అవతలి గొంతు నాకూ వినిపించింది. ఆమె టీ సగంలో వదిలి లేచిపోయింది.

అప్పుడు గుర్తొచ్చారు దాసు సారు. గిద్దలూరు పక్క పల్లెలో పుట్టి సర్వే ఇంజనీరైన మనిషి. నాకు పని నేర్పినవారు. ఎండలో నడుస్తూ క్రైస్తవ కీర్తనలు ఎత్తుకునేవారు, గొంతు మాత్రం బొంగురు. నా పాట విన్నాక పాపం చేసే ఓపిక ఎవడికీ ఉండదురా అని ఆయనే నవ్వేవారు. ఏ చేలో మేకు కొట్టినా ఆ చేను ఆసామిని పిలిపించి, ఇది కొలత మాత్రమేనని, దుక్కి ఆపొద్దని చెప్పనిదే కదిలేవారు కాదు. కొలత పూర్తయ్యాక మేకులన్నీ మా చేతనే పెరికించేవారు. వేరే జట్లు మేకులు వదిలేసి నీడకు పోతుంటే మేము గొణుక్కుంటూ పెరికేవాళ్ళం.

ఎందుకు పెరికించేవారో అర్ధవీడు దగ్గర తెలిసింది. ఒక చేలో ఎప్పుడో వేరే జట్టు వదిలిపోయిన మేకు ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు దీపం వెలిగించారు. చుట్టూ నేలంతా బీడు. రైలు వస్తే మనవళ్ళకు పని దొరుకుతుందని, దారికి అడ్డం ఎందుకని విత్తనం వేయడం మానేశాడట ఆ చేను ఆసామి, ఒక ముసలాయన. ఇల్లు గడవక కోడలు కూలికి పోతోంది.

“రైలొస్తాదని నీకు ఎవరు చెప్పినారు పెద్దాయనా?” అని సారు అడిగారు.

“ఎవరో ఎందుకు సారూ, మీ మేకే చెప్పింది గదా.”

సారు మేకు దగ్గరికి వెళ్ళారు. దాన్ని పెరికేయమంటే, దేవుణ్ణి పెరికినట్లుంటాదని ముసలాయన ఒప్పుకోలేదు. ఆ పూట సారు పాట పాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు, జనం అడిగితే మరి ఏం చెప్పాలి సారూ అన్నాను.

“తెలియదని చెప్పు. నోరు నొప్పి పుడతాదా?” అన్నారు. కొంచెం దూరం నడిచాక, “రైలు రాకపోయినా జనం బతుకుతారురా. వస్తాదని మనం చెప్పి రాకపోతేనే కష్టం” అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పొదిలి మీదుగా వేస్తామన్న మామూలు రైలు కోసమే మా తరం ముసలిదైపోయింది. ఇప్పుడీ వేగం రైలు. సర్కారు తలచుకుంటే వేయవచ్చు. వేసినా మాలాంటి ఊళ్ళలో ఆగుతుందో లేదో. ఆగని రైలుకు చేను ఇవ్వాలా, రాని రైలుకు బీడు పెట్టుకోవాలా? ఈ మాట ఎవరిని అడగాలో రమణమ్మకే కాదు, నాకూ తెలియదు. తెలియనివాణ్ణి తెలిసినట్లు మాట్లాడాను.

మధ్యాహ్నం రమణమ్మ పల్లెకు బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. మొక్కలు వెనక్కి పోయాయో, పిల్లవాడు వెళ్ళిపోయాడో. పోయేసరికి మొక్కలు తడి గోనెల కింద వాకిట్లోనే ఉన్నాయి. తెచ్చిన ఆటో అతను అన్నం తిన్నాకగానీ కదలనన్నాడట. కొడుకు సంచి సర్దుకుని గడపలో కూర్చున్నాడు. రైలు వస్తుందో రాదో నాకు తెలియదని, పొద్దున గొప్పకు చెప్పానని రమణమ్మతో అన్నాను.

“తెలియదని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా అన్నా?”

“అవునమ్మా.”

“ఒకవేళ వస్తే చెట్లు పోతాయి గదా మామా?” అన్నాడు పిల్లవాడు.

“పోవచ్చు నాయనా. కాదని చెప్పలేను.”

వాడు తల్లి వైపు చూశాడు. ఆమె తడి గోనె ఎత్తి మొక్కలను చూసి, “బెంగళూరు బస్సు రేపూ ఉంటాది. ఈ మొక్కలు రేపటికి వాడిపోతాయి” అంది.

వాడు సంచి లోపల పెట్టి గడ్డపార తీశాడు. వరసలు వంకర పోకుండా తాడు ఒక కొన నేను పట్టుకున్నాను. పొద్దు వాలేదాకా గుంతలు తీశాం. ఒక్కో మొక్క నిలబెట్టి మట్టి అదుముతుంటే, ఇది కాయ కాసేదాకా ఉంటుందా అని ప్రతిసారీ అనుకున్నాను. రమణమ్మ వెనకే బిందెతో నీళ్ళు పోస్తూ వచ్చింది.