చిన్నాయన చాయ్, నా ఎక్సెల్ షీటు

ఎక్సెల్ తెరుచుకునే ఫోన్ మా చుట్టాలందరిలో నా ఒక్కడి దగ్గరే ఉన్న రోజులవి. బూర్గంపాడులో చెల్లి పెళ్లికి ఎవరి విడిది ఎక్కడో అందులోనే రాసుకున్నాను. తీరా పెళ్లి ముందురోజు దానిమీద ఖాళీ షీటు సేవ్ చేసి కూర్చున్నాను. అప్పటికే చుట్టాలు బస్సు దిగి, సంచులతో వాకిట్లో నిలబడ్డారు.

మా మేనబావ ఫోన్ లాక్కుని, మెమరీ కార్డులో పాత కాపీ పట్టేశాడు. ఆ సంబరంలో పైకే చదివాడు: "చిన్నాయన, మేడ మీద గది. ఊకెనే అలుగుతడు, ముందుగాల చాయ్ ఇయ్యాలె."

నేను గబుక్కున ఫోన్ లాక్కోబోయాను.

ఆ చుట్టాల్లోనే ఉన్న చిన్నాయన నావైపు గుడ్లురిమి చూశాడు. "రాసుకున్నవ్ గదరా! మరి చాయేది?" అంటూ సంచి భుజానికేసుకుని బస్టాండు వైపు నడిచాడు. గ్లాసు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏ శుభకార్యమైనా, షీటు కన్నా ముందు చాయ్ సిద్ధమవుతుంది.