అమ్మ ఊడదీసిన పెడళ్లు

మొన్న గేటు బోల్టు పట్టేస్తే కిరసనాయిలులో, అదే మా గ్యాసునూనెలో, ఆముదం కలిపి పోశాను. ఆ వాసనకు తిరుమలగిరి దగ్గరి మా ఊరు, నిజాం రోజుల ఎండాకాలం, చింతగింజల గంజి పట్టించి వాకిట్లో ఆరేసిన గొంగళ్లు, వాటి నీడన గచ్చకాయలాడే మేము, గోడకు ఆనించిన బాపు సైకిలు వరసగా గుర్తుకొచ్చాయి.

ఆ సైకిలు మీదే బాపు గొంగళ్లు కట్టుకుని హాలియా వారపు అంగడికి పోయేవాడు. ఆయన చలిజ్వరంతో పడుకున్న రోజున దొర ఉండే గడీ నుంచి కబుర్లు మోసే సుంకరి వచ్చి, దొర అల్లుడికి సైకిలు కావాలని, పొద్దుగూకే లోపు వచ్చి తీసుకుపోతానని చెప్పాడు. గడీ అడిగితే లేదనకూడదు. పోయినవి తిరిగి రావు. అంతకుముందు పోయిన మా పట్టెమంచం రాలేదు. చెడిపోయిన వస్తువును మాత్రం బాగుచేయించే పని తమకెందుకని గడీవాళ్లు ముట్టేవారు కాదు.

"ఇచ్చెయ్యే, వాళ్లతోని మనకెందుకు," అన్నాడు బాపు.

"నువ్వు పండుకో. రేపు గొంగళ్లు నెత్తిన మోస్తవా?" అని అమ్మ సీటు కింది సంచిలోంచి పానా తీసింది.

గ్యాసునూనెలో ఆముదం కలిపి పోసి, నానబెట్టి, అరచేతులకు బూడిద రాసుకుని గుంజితే కుడి పెడల్ ఊడింది. ఒక్కటి చాలదా అన్నాను. "ఒక్కదాంతోని గూడ తొక్కుకపోతరు," అంది అవ్వ, బాపు తల్లి. ఎడమదానికి మర తిరగేసి ఉంటుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ అలవాటుకొద్దీ కుడిదాన్ని తిప్పినట్టే తిప్పింది. ఎంత గుంజితే అంత బిగిసింది. సైకిలును పట్టుకున్న అవ్వ, "గుంజుతున్నవా, గోకుతున్నవా?" అని ఎగతాళి చేసింది.

"జర గట్టిగ పట్టత్తా, నీ కొడుకోలె మొండిదిది."

వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. పొద్దు వాలుతోంది. అమ్మ లేచి, పమిట నడుముకు చుట్టి, "ఊడకుంటే ఇరుగు. ఇరిగినంక దీన్ని ఎవడు ఎక్కుతడు," అని పానాను అవతలి వైపు నుంచి మడమతో తన్నింది. తెలియకుండానే మర ఊడే వైపు తన్నింది; అది కదిలింది. మళ్లీ తన్నింది. తర్వాత చేత్తోనే తిరిగింది.

పొదుగుతున్న కోడి ఉన్న గంప కింద పెడళ్లను పెట్టాం. సుంకరి వచ్చి సైకిలు చుట్టూ తిరిగాడు.

"పెడళ్లేవక్కా?"

"ఊడినయ్."

"రెండూ ఒక్కపారే ఊడెనా?"

"జోడు గద తమ్మీ."

అతను అమ్మ చేతుల వైపు చూశాడు. వెళ్లి, ఆ సైకిలు పనికిరాదని గడీలో చెప్పాడు. బాపు లేచాక పెడళ్లను అమ్మే బిగించింది.

ఇప్పుడు ఆ గడీ మొండిగోడలు. మా వాడలో గొంగళి నేసే మగ్గం ఒక్కటీ లేదు. బాపు, అవ్వ, అమ్మ వెళ్లిపోయారు. అంత పట్టుబట్టి దక్కించుకున్న ఆ సైకిలును మా అమ్మ ఒక్కనాడూ ఎక్కలేదు.