మసిగిన్నె దినం

ఠంగ్!

ముందు ఆ చప్పుడే. ఇత్తడి తక్కెడ పళ్ళెం మీద కిలో రాయితో కొట్టిన చప్పుడు. రాత్రంతా ఫ్యాక్టరీలు ఊదిన సిమెంటు దుమ్ము ఎర్రగుంట్ల బజారు అరుగుల మీద ఇంకా ఆరని వెన్నెలలాగా పరుచుకుని ఉండగానే, మోకాలెత్తు లేచిన షట్టరు కిందినుంచి ఆ మోత దొర్లుకుంటూ వీధిలోకి వచ్చేది. దాని వెనక ఒక గొంతు. ఆ గొంతు వెనక, షట్టరును గర్రున పైకి తోస్తూ, అప్పటికే ఎవరి మీదో మండిపడుతూ, పెద్దసుబ్బయ్య శెట్టి.

"ఈ పొద్దు గొడుగు దినం! గొడుగు లేనోళ్ళకు నా అంగట్లో బోణీ లేదు!"

కోపం అందరికీ వస్తుంది. వచ్చిన కోపానికి రోజుకో పండగ చేసిన మనిషి మాత్రం ఆ బజారులో ఆయనొక్కడే. పొద్దునే ఒక దినం పెట్టడం, ఆ దినం కోసం పొద్దెక్కేదాకా లోకంతో పోట్లాడటం, ఇదే ఆయన పిచ్చి. బజారులో మిగతా అంగళ్ళవాళ్ళకు బోణీ అంటే ప్రాణం. మొదటి బేరం చేసే చెయ్యి మంచిదైతే రోజంతా గల్లాపెట్టె గలగలలాడుతుందని, ముందొచ్చిన మనిషి మొహం చూసి దండం పెట్టి మరీ అమ్ముతారు. పెద్దసుబ్బయ్య మొహం చూడడు. దినానికి తగిన మనిషి వచ్చేదాకా ఉప్పుగల్లు కూడా కదలనివ్వడు.

అది ఏప్రిల్. ఆకాశంలో మబ్బు తునక లేదు. గొడుగు ఎవరి దగ్గర ఉంటుంది? చివరికి రైలు గేటు దగ్గర టీ బంకు పెట్టుకున్న సోమక్క దొరికింది. బంకుకు నీడ కోసం తెచ్చుకున్న చిల్లుల గొడుగు ఆమె చంకలో ఉంది.

"ఏమ్మా, గొడుగు పెట్టుకొని అంత దూరాన స్తంభం మాదిరి నిలబడినావే! దినం అంటే నీకు లెక్కలేదా? ఎక్కు అరుగు! ఏం కావల్ల? చెప్పి చావు!"

"తిట్టాకు శెట్టీ, వస్తాండా. అల్లం, చక్కెర," అంటూ ఆమె భయంభయంగా ఎక్కింది. ఆమె కొనేది గుప్పెడు. తినే తిట్లు బస్తాడు.

ఈ రోగం పేపరుతో అంటుకుందని ఇంట్లోవాళ్ళ లెక్క. కొత్తగా అప్పుడప్పుడే ఊళ్ళోకి ఆ దినం ఈ దినం అని వస్తున్న రోజులవి. ఆయన కొడుకు కిరణ్‌కుమార్ ఒక ఆగస్టులో స్నేహితుల దినమని రంగురంగుల దారాలు తెచ్చి అంగట్లో వేలాడదీశాడు. "స్నేహాన్ని దారంతో కట్టేదేందిరా, అదేమన్నా మూటనా?" అని తండ్రి వాటినన్నిటినీ తెంపి మిరపకాయల పొట్లాలు కట్టేశాడు. ఆ ఏడు ఎర్రగుంట్లలో చాలామంది వంటింట్లో స్నేహం ఘాటుగా ఉండింది. ఇంకోసారి కొడుకు నాన్నల దినమని పువ్వుల బొమ్మ కార్డొకటి చేతిలో పెట్టాడు. పెద్దసుబ్బయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ ఒక్క పొద్దేనా? మిగతా పొద్దులు నీ నాయన ఎవడ్రా?"

"ఏమండీ! వీధిలో అందరూ వింటాండారు!" అని లోపలినుంచి ఆయన భార్య కన్యకమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత ఒక పొద్దు పేపరు మూలన 'నేడు నవ్వుల దినం' అని కనబడింది. ఇంకేముంది. "నేను నవ్వేదానికి వాళ్ళెవరప్పా రోజు చెప్పేది? వాళ్ళు పెడితే దినం, నేను పెడితే కాదా? రేపటినుంచి నేనూ పెడతా, ఎవడు ఆపుతాడో చూస్తా!" అన్నాడు. ఆపేదానికి ఎవరూ రాలేదని కూడా ఆయనకు కోపమే.

కోడలు శ్రీదేవి కర్నూలు పిల్ల. తుంగభద్ర గాలి పీల్చుకుని పెరిగింది, బి.కాం. చదివింది, కోపంలో ఎవరికీ తీసిపోదు. కాపురానికొచ్చిన మొదటి పొద్దున ఆ ఠంగ్ విని గ్యాసు సిలిండరు పేలిందనుకుని పరుగెత్తింది. చూస్తే మామ షట్టరు కింద సగానికి వంగి, బుగ్గ నేలకు ఆనించి, బయటికి చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నారు మామా?"

"కుక్క పండుకోనుందేమోనని!" అని కసిరి, లేచి, "ఈ పొద్దు ఎడమచేతి దినం!" అని అరిచాడు.

ఆ రోజు కుడిచెయ్యి చాపినవాళ్ళందరూ శత్రువులే. కుడిచేతికి పాలు పొంగి పడి గుడ్డ కట్టుకున్న సోమక్క ఎడమచేత్తో గిన్నె పట్టుకుని దొరికిపోయింది, మామూలుగా తిట్లు తినింది. చెప్పులు లేనోళ్ళ దినం రోజు ఒక బ్యాంకు ఆఫీసరు కాఫీపొడి కోసం వచ్చి, సంగతి విని, నవ్వుతూ బూట్లు విప్పాడు.

"చెల్లదు సార్. ఇంటికాడినుంచే లేకుండా రావల్ల."

"ఇదేం రూలయ్యా?"

"మీ బ్యాంకులో రూలు మేం అడిగినామా?"

ఆఫీసరు బూట్లు చేత పట్టుకుని అట్లాగే పోయాడు. బజారు బజారంతా పడిపడి నవ్వింది. శ్రీదేవికి ఆ నవ్వులు చెవుల్లో ఇసక పోసినట్టుండేవి. "దినాలు దినాలని పొద్దునే ఆ మాటలేంది, వినేవాళ్ళు ఎవరు పోయినారో అనుకుంటారు," అని కన్యకమ్మ ఒక పక్క. అన్నిటికంటే శ్రీదేవికి మండేది ఒకటే. అంత పెద్ద బజారులో ఈ మనిషికి తిట్టడానికి రోజూ ఆ మొగుడు పోయిన సోమక్కే దొరకాలా?

ఒకరోజు వీరభద్ర వచ్చాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టరు. నెలకు సరిపడా బియ్యం, కందిబేడలు, నూనె ఒకే అంగట్లో తీసుకుంటానని, జీపు నేరుగా అరుగు ముందు ఆపాడు. కిరణ్‌కుమార్ మొహం వెలిగిపోయింది.

"ఈ పొద్దు అతుకు సంచి దినం," అన్నాడు పెద్దసుబ్బయ్య. "ఉండాదా?"

"సంచేందప్పా, జీపు తెచ్చినా!"

"జీపుకు అతుకుందా?"

"టైరుకు ఉండాది!"

"టైరు దినం కాదు ఈ పొద్దు."

వీరభద్ర మొహం ఎండుమిరపకాయ అయింది. జీపు వెనక్కి తిప్పుకుని, వీధినంతా దుమ్ము చేసి పోయాడు.

ఆ మధ్యాహ్నం శ్రీదేవి కొంగు బిగించింది. "మామా, ఈ దినాలు ఇంక వద్దు. మీ కొడుకు ఆ క్యాంటీన్ బేరం కోసం ఎంత తిరిగినాడో మీకు తెలుసా? ఊరంతా మనల్ని చూసి నవ్వుతాంది. అంగడా ఇది, సర్కస్సా? కోపమొస్తే ఇంట్లో మా మీద అరవండి. పాపం ఆ సోమక్క మీదేంది మీ ప్రతాపం!"

అరుస్తాడనుకుంది. కన్యకమ్మ ముందుజాగ్రత్తగా వీధి కిటికీ కూడా వేసేసింది. ఆయన అరవలేదు. పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"రేపు కర్నూల్లో నా కన్ను కోస్తారు," అన్నాడు చివరికి. "కిరణ్ నాతో వస్తాడు. అంగడి నువ్వే చూసుకో. దినం పెడతావో మానుకుంటావో నీ ఇష్టం." అని కర్నూల్లో ఉన్న కూతురు సుచరిత ఇంటికి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు.

శ్రీదేవి వెంటనే వీరభద్రకు ఫోన్ చేసింది. "అన్నా, మా మామ లేడు. పొద్దునే రండి, బోణీ మీదే. పూచీ నాది." ఇది పోతే క్యాంటీన్ బేరం ఇంక రాదని ఆమెకు తెలుసు.

తెల్లవారింది. ఠంగ్ లేదు. శ్రీదేవి షట్టరును ఒక్క ఊపున పైదాకా ఎత్తేసింది. దుమ్ములో తడిసిన లేత వెలుగు అంగడంతా నిండింది. కరెంటు స్తంభం దగ్గర, మసిపట్టిన సత్తుగిన్నె పట్టుకుని, సోమక్క నిలబడి ఉంది.

"ఏం కావాలి సోమక్కా? రా."

"బోణీ కానీలే శెట్టెమ్మా. అయినంక తీసుకుంటా."

"ఎవరో ఒకరు చెయ్యాలి కదా. నువ్వే చెయ్యి."

సోమక్క నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగింది. "నేనా? నా చెయ్యి తగిలితే ఇంగేమన్నా ఉండాదా? మా ఆయన పోయినప్పటినుంచి ఏ అంగట్లోనూ నేను ముందు ఎక్కను తల్లీ. వాళ్ళు పొమ్మనేదాకా ఎందుకు?"

"మరి మా మామ దగ్గర రోజూ నీదే కదా బోణీ!"

"అది నాది యాడ అయితాది? దినానిది. ఆ దినమేందో, రోజూ ఏదో ఒకటి నా మీదికే వస్తాది. నేను వద్దనేలోపల ఆ శెట్టి ఊరంతా వినబడేట్టు తిడతాడు. ఆ తిట్లకు భయపడి ఎక్కేస్తా." ఆమె గేటు వైపు చూసింది. "షిఫ్టు దిగే పొద్దయింది. పొయ్యి రగిలించి వచ్చినా. ఆలస్యమైతే లారీలోళ్ళు ఇంగో బంకుకు పోతారు."

శ్రీదేవి కింద నేలవైపు చూసింది. షట్టరు గీసిన గీత మీద, రోజూ మామ బుగ్గ ఆనించేచోట, దుమ్ము తుడిచినట్టు నున్నగా ఉంది. అక్కడినుంచి వంగి చూస్తే ఏం కనబడుతుంది? స్తంభం. స్తంభం పక్కన కాళ్ళు, చంకలో గొడుగు, చేతిలో గిన్నె.

కుక్కంట!

అంతలో జీపు వచ్చి ఆగింది. వీరభద్ర దిగి, సోమక్కను చూసి, గొంతు తగ్గించి అన్నాడు. అందులో చెడ్డతనమేమీ లేదు, అందరూ అనేదే అన్నాడు. "అమ్మా, ఆయమ్మ ఎదురుగా ఉంటే నేను బోణీ ఎట్ల చేసేది? కొంచెం అవతలికి పొమ్మను. నా సరుకు ఎత్తేదానికి గంట పడుతుంది, తర్వాత వస్తుందిలే."

సోమక్క అప్పటికే గిన్నె కొంగు కింద దాచుకుని అవతలికి పోతోంది.

శ్రీదేవికి అరికాలినుంచి కోపం లేచింది. వీరభద్ర మీద, బోణీ మీద, పొమ్మనక ముందే పోతున్న సోమక్క మీద, ఇంత సంగతి ఒక్కమాట చెప్పకుండా కన్ను కోయించుకోను పోయిన మామ మీద. చేతికి కిలో రాయి దొరికింది.

ఠంగ్!

పై మేడ మీద పావురాలు లేచిపోయాయి. లోపల కన్యకమ్మ, "ఈయన అప్పుడే వచ్చినాడా!" అని ఉలిక్కిపడింది.

"ఈ పొద్దు మసిగిన్నె దినం!" శ్రీదేవి గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మసిగిన్నె లేనోళ్ళకు బోణీ లేదు! ఏం సోమక్కా, గిన్నె దాచి యాడికి పోతాండావు? దినమంటే భయం లేదా? ఎక్కు! ఎక్కుతావా, నన్నే దిగి రమ్మంటావా?"

సోమక్క ఆగింది. ముందు భయం, తర్వాత ఏదో ఊరట. "అయ్యో, నీకూ పట్టుకుందా తల్లీ ఆ పిచ్చి!" అంటూ అరుగెక్కింది.

వీరభద్ర నోరు తెరిచాడు. "అమ్మా! బోణీ నాదన్నావే!"

"మసిగిన్నె ఉండాదా అన్నా?"

"మీ వంశంలోనే ఏదో ఉండాది!" అని జీపు తలుపు ధడాలున వేసుకుని పోయాడు.

బేరం పోయిందనుకుంది. అయినా అల్లం తూచింది. ముల్లు తప్పలేదు. కన్యకమ్మ గడపలోకి వచ్చి, సోమక్క దిగిపోయేదాకా ఆగి, కసురుకుంది. "ఈ దినాలు ఎవరికోసమో నాకు తెలీదనుకున్నావా? తెలిసినట్టు కనబడితే ఆయనకు కోపమని ఊరుకున్నా."

ఎండ అరుగు దాకా వచ్చే వేళకు జీపు మళ్ళీ వచ్చింది. వెనకనుంచి ఇద్దరు మనుషులు, క్యాంటీన్‌లో సాంబారు కాచే గుండిగను ఈడ్చి దించారు. బొగ్గుగనికంటే నల్లగా ఉంది. వీరభద్ర దాన్ని అరుగు మీద దభీమని పెట్టించాడు. చొక్కాకు మసి, ముక్కుకు మసి.

"చాలునా మసి? ఇంగన్నా బియ్యం తూస్తావా?"

సాయంత్రం కర్నూలునుంచి ఫోన్ మోగింది. కంటికి కట్టుతో, సుచరిత ఇంటినుంచి పెద్దసుబ్బయ్య. క్యాంటీన్ బేరం సంగతి అడగలేదు.

"బోణీ ఎవరిది?"

"సోమక్కది."



"ఏం దినం పెట్టినావు?"

"మసిగిన్నె దినం."

"మసిగిన్నెనా! ఉగాదికి ముందే పెట్టినా గదా అది! పెట్టిందే పెడితే ఆయమ్మకు అనుమానం రాదా?"

"నాకేం తెలుసు మామా? ఎప్పుడైనా చెప్పినారా మీరు?"

"చెప్పేదేంది! నాకు ఈ పొద్దు ఒక కన్నే ఉండాది, నీకు రెండుండాయి గదా! రేపు షట్టరు అంతా ఎత్తాకు. మోకాలి దాకా లేపి, ముందు వంగి చూడు, ఆయమ్మ చేతిలో ఏముండాదో. దినం ఆ తర్వాత. గట్టిగా తిట్టు, మెల్లగా తిడితే ఆయమ్మ ఎక్కదు. ఇంగ పెట్టు ఫోను, ఈ కట్టు తడవకూడదన్నాడు డాక్టరు!"