లోపల గుడ్డ వదలని గౌను

పిల్లల గౌను ఏది కుట్టినా జైనాబ్ బీ లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేది. కొండవీడు కొండ కింద ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఆమె మిషను చప్పుడు ఉంది. ఆ ఇరవై ఏళ్లలో ఊళ్లో పుట్టిన ఆడపిల్లలందరి కొలతలూ ఆమె వేళ్లకు తెలుసు. పిల్ల ఒళ్లు చేసిందని తల్లి గౌను పట్టుకొస్తే, కుట్టు విప్పి, లోపల దాచిన గుడ్డను బయటికి తీసి, మళ్లీ కుట్టి ఇచ్చేది. "పిల్లలన్నాక ఎదగరా ఏంది? బట్టకి ఆ సంగతి ముందే తెలియాల" అనేది. హుక్కులు మాత్రం వీపు వైపే పెట్టేది, చంటిది లాక్కోకుండా.

మే నెలలో గాలివాన వచ్చిన ఒక సాయంత్రం, వరండాలో కత్తిరింపు ముక్కల కుప్ప మీద కోతిపిల్ల కనిపించింది. అరచేయంత ఒళ్లు, ముసలి ముఖం. ఆ పొద్దునే ఘాట్ రోడ్డు మొదట్లో లారీ కింద పడి ఒక కోతి చనిపోయింది. ఇది దాని బిడ్డే అనుకుంది జైనాబ్ బీ. దూది పాలలో ముంచి నోటికి అందిస్తే, దూదిని వదిలి ఆమె చూపుడువేలు పట్టుకుంది. వాన వెలిసేదాకా వదల్లేదు.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు అఫ్రీన్ అదంతా ఫోన్‌లో తీసింది. మర్నాడు ముసురు వదలక పిల్ల వణుకుతుంటే జైనాబ్ బీ దానికి లైనింగ్ గుడ్డతో చిన్న గౌను కుట్టింది. అఫ్రీన్ అదీ తీసి పెట్టింది. రెండో రోజుకి లక్షమంది చూశారు.

"అమ్మీ, గౌను వదులుగా ఉంది. ఫోన్‌లో గోనెసంచి లాగా కనపడతంది. ఒంటికి పట్టినట్టు కుట్టు."

"ఎదిగే పిల్లకి బిగుతుగా ఎవరన్నా కుడతారటే?"

"ఇది ఎవరి పెళ్లికి పోవాలి? వీడియోకే గదా. ఇంకోటి కుట్టుకుందాంలే."

ఆ మాటకి జైనాబ్ బీ నవ్వింది. నవ్వుతూనే లోపలి గుడ్డ కత్తిరించింది.

పసుపు గౌను, పూల గౌను, చెమ్కీ అంచు గౌను. ప్రతి గౌనుకీ వేలమంది హృదయం గుర్తులు పంపారు. "ఎంత అదృష్టం చేసుకుందో", "ఇట్లాంటి పిల్లని ఎక్కడ కొనుక్కోవచ్చు ఆంటీ?" అని రాశారు. గుంటూరు నుంచి ఒక కుటుంబం కారేసుకుని వచ్చింది. వాళ్ల పాప కోతిపిల్లను బొమ్మలా చంకన పెట్టుకుని ఫొటో దిగి, దించమంటే ఏడ్చింది.

ఎదురు గోడ మీదికి ఒక కోతి రోజూ వచ్చేది. ఎడమ చెవి సగం తెగి ఉండేది. మధ్యాహ్నం ఎండలో, గోడ సెగలు కక్కుతున్నా కదలకుండా కూర్చుని వరండా వైపే చూసేది. పిల్లను ఎత్తుకుపోయి చంపేస్తుందని జైనాబ్ బీ భయం. స్కేలు కర్రతో గోడను బాదేది. "పో! నీ కళ్లు పోను!" అని రాళ్లు విసిరేది. ఒకరోజు రాయి దాని నడుముకు తగిలింది. అఫ్రీన్ అదీ తీసి పెట్టింది. అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది ఆ వీడియోనే. "తల్లంటే ఇట్టా ఉండాలి", "ఆ రాక్షసిని వదలొద్దమ్మా" అని కింద రాశారు. చదువు అంతగా రాని జైనాబ్ బీ, అఫ్రీన్ చేత అవి రెండేసి సార్లు చదివించుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఘాట్ రోడ్డు గేటు దగ్గర కాపలా ఉండే ఏసుబాబు, కూతురు గౌను వదులు చేయించుకుందామని వచ్చాడు. అఫ్రీన్ ఆ వీడియో చూపించింది. అతను నవ్వబోయి ఆగిపోయాడు. వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు.

"అక్కా, ఎవరిని కొట్టావో చూసుకున్నావా?"

"ఆ చెవి తెగినదాన్నే. పిల్ల మీద పడబోతంటేనూ."

"దాని రొమ్ము చూడు. పాలు కారి బొచ్చు తడిసింది. లారీ కింద పోయింది మగది, నేనే గుంట తీసి పూడ్చా. ఇది దీని తల్లక్కా."

జైనాబ్ బీ ఫోన్ అందుకుంది. లక్షలమంది చూసిన ఆ బొమ్మలో, గౌను వెనక, తన చేతి వెనక, గోడ మీద ఆ తడి ఉంది. ఇన్నాళ్లూ అక్కడే ఉంది.

"ఇయ్యాలే వదిలేస్తా" అంది.

"ఎల్లుండి బక్రీదు అమ్మీ" అంది అఫ్రీన్. "పండగ వీడియో ఒక్కటి. అంతమంది అడగతన్నారు. తీసి, గౌను విప్పి, మనమే గోడ మీద పెడదాం."

రెండు రోజులే గదా అనుకుంది జైనాబ్ బీ. ఆ రెండు రోజులూ రాయి మాత్రం విసరలేదు.

ఎర్ర శాటిన్ గౌను. ఊడకుండా రెండు వరసల కుట్టు, వీపున నాలుగు హుక్కులు. పండగ రోజు అఫ్రీన్ ఫోన్ సరిచేసుకుంటుండగా గోడ మీద నుంచి ఒక నీడ దూకింది. పిల్ల కీచుమంది, మరుక్షణం ఊరుకుంది. తల్లి పొట్టకు అంటుకున్న పిల్ల, ఎర్రగా, వేపచెట్టు దాటి, కొండ మీదికి పోయింది.

"పోనీలే అమ్మీ, తల్లి దగ్గరకే గదా పోయింది."

"గౌనుతో పోయిందే" అంది జైనాబ్ బీ.

పిల్ల ఎదిగి గౌను ఒంటిని కోయడానికి ఎంత కాలం పడుతుందో ఆమెకు తెలుసు. చంకల దగ్గర నెల, మెడ దగ్గర ఇంకో పది రోజులు. వాన పడితే శాటిన్ ఒరుసుకుంటుంది, ఇంకా ముందే. రోజూ పొద్దున్నే దారాలు కత్తిరించే చిన్న కత్తెర, అరటిపళ్లు పట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కేది. రెండో మలుపు దగ్గర మంద కనపడేది. ఆకుల మధ్య ఎర్ర చుక్క. ఆమె అడుగు వేయగానే చెవి తెగిన కోతి బిడ్డను పట్టుకుని పైకి ఉరికేది. పళ్లు కింద పెట్టి దూరంగా పోయి కూర్చున్నా వచ్చేది కాదు. మిగతా కోతులు ఏసుబాబు చేతిలోంచి కూడా తీసుకునేవి. ఈమెను చూస్తే మాత్రం తల్లి నిలిచేది కాదు.

"నీ చెయ్యి లేస్తే రాయి వస్తదని దానికి గురుతక్కా" అన్నాడు ఏసుబాబు, తల పక్కకు తిప్పుకుని.

అతనూ ప్రయత్నించాడు. దొరకలేదు.

అయిదో వారం ఒక మంగళవారం, వాన వెలిశాక, చెవి తెగిన కోతి తనంతట తనే రోడ్డు పక్క పిట్టగోడ మీదికి దిగింది. పిల్లను ముందు పడుకోబెట్టింది. ఈగలు ముసురుతున్నా పిల్లలో కదలిక లేదు. జైనాబ్ బీ దగ్గరకు నడిచింది. తల్లి పళ్లు చూపించింది, రెండు బారలు వెనక్కి జరిగింది, పారిపోలేదు.

హుక్కులు తుప్పు పట్టాయి. రాలేదు. చంకల కింద గుడ్డ చర్మంలోకి దిగిపోయింది. చంటిదానికి నొప్పి పుట్టకుండా విప్పినట్టే, ఒక్కొక్క కుట్టే కత్తిరించింది.

పక్కన కారు ఆగింది. "ఆంటీ, వీడియోల్లో కోతిపిల్ల అమ్మ మీరేగా? ఒక్కసారి ఇటు చూడండి!"

ఆమె చూడలేదు. గౌను తీసి పక్కకు జరిగింది. తల్లి వచ్చి, బట్ట లేని బిడ్డను తల నుంచి తోక దాకా వాసన చూసింది. గుండెకు ఎత్తుకుని, ఒక చేత్తో పట్టుకుని, మూడు కాళ్లతో కొండెక్కింది.

జైనాబ్ బీ పిట్టగోడ మీద కూర్చుని గౌను తిరగేసింది. రెండు వరసల కుట్టు గట్టిగా ఉంది. లోపల గుడ్డ లేదు. తెలిసీ, కుట్టు పొడుగునా వేలితో వెతుకుతూనే ఉంది.